ఎర్రకోడికి ఆకల్లేదు

"నా కోడికేం పెట్టావ్?"

గడియారాల మేస్త్రి ప్లైవుడ్ గోడను పిడికిలితో దబదబా బాదాడు.

అవతల కుట్టుమిషను ఆగింది.

"నాకేం పనిలేదా? అయినా నీ చేతి తిండి తిని ఏ ప్రాణి బాగుపడిందట?" అంది టైలరమ్మ.

"నీ గొంతు వింటూ ఏ ప్రాణికి ముద్ద దిగుతుందిలే!"

మిషను మళ్ళీ మొదలైంది. ఈసారి ఇంకా జోరుగా.

ఇంటికి నడుమ ఆ గోడ లేచి రెండేళ్ళయింది. అటు రెండు గదులు మేస్త్రివి, ఇటు రెండు టైలరమ్మవి. తలుపులు వేరు, పొయ్యిలు వేరు. అతనికో ఎర్రకోడి, ఆమెకో నల్లకోడి. మనుషులు మొహాలు చూసుకోకపోయినా, గోడ కింద జానెడు సందులోంచి కోళ్ళు మాత్రం రోజంతా అటూ ఇటూ తిరిగేవి. నెల కిందట ఎర్రకోడి ఇటు దూరి, ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కా మీద రెట్ట వేసింది. టైలరమ్మ సందుకి అడ్డంగా చెక్క పెట్టి నాలుగు మేకులు దిగ్గొట్టింది.

అప్పటినుంచి ఎర్రకోడి తిండి తగ్గింది. పూటకి రెండు గుప్పిళ్ళ గింజలు ఊదేసేది కాస్తా గుప్పెడికి దిగింది. తర్వాత పది గింజలు. ఇప్పుడు గిన్నెవైపే చూడటం లేదు. మేస్త్రి నూకలు మార్చాడు. ఆకుకూర తరిగి వేశాడు. అరచేతిలో పెట్టి బతిమాలాడు. చివరికి చంకనబెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు కోడి ముక్కు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు.

"రోగం లేదు. కోడి ఒంటరిగా తినదయ్యా. పక్కన ఇంకోటి పొడుస్తుంటేనే దీనికీ ఆకలి. తోడు చూడు."

"గోడ అవతల ఒకటుంది."

"ఇంకేం, కలిపి ఉంచు."

"ఆవిణ్ణి అడగాలి. కోడి చచ్చినా అడగను."

మూడో రోజు పొద్దున మేస్త్రి కొట్టుకి వెళ్ళగానే సందుకి కొట్టిన చెక్క ఊడింది. టైలరమ్మ సందులోంచి చెయ్యి పెట్టి, రెక్కలు వాలేసిన ఎర్రకోడిని బయటికి లాగింది. బుట్టలో నల్లకోడి పక్కన దాన్ని కుక్కి ఆస్పత్రికి నడిచింది.

"నాలుగు రోజుల్నుంచి నాదీ గింజ ముట్టట్లేదు. ఆ మనిషి పంతానికి నా కోడెందుకు చావాలి?" అంది డాక్టరుతో.

డాక్టరు రెండింటినీ బల్ల మీద దించి, ఒకే పళ్ళెంలో గింజలు పోశాడు. నల్లది ఒకటి పొడిచింది. ఎర్రది మెడ చాచింది. మరుక్షణం రెండు ముక్కులూ పళ్ళెం మీద టకటకలాడాయి.

డాక్టరు నవ్వబోయి ఆగాడు.

"ఇది గడియారాల మేస్త్రి కోడి కదా? ఆయనకి చెప్పారా?"

"ఆ మొహంతో నాకు మాటల్లేవు."

"అడక్కుండా పక్కింటాయన కోడిని ఎత్తుకొస్తే ఊరుకుంటాడా? రేపు గొడవైతే నన్నూ లాగుతారు. అసలు ఆయన మీకేమవుతాడు?"

కోళ్ళని బుట్టలోకి తోసి, మూత ఠపీమని వేస్తూ అంది టైలరమ్మ: "కట్టుకున్న మొగుడు."