సంతకం పడని పేజీ

"తప్పులేం లేవండీ. కానీ సంతకం రేపు పెడతాను."

ప్రూఫ్‌రీడరు ఆ మాట అనగానే ప్రెస్సు యజమాని తల పట్టుకున్నాడు.

"తప్పుల్లేనప్పుడు రేపెందుకు మాస్టారూ?"

"ఇంట్లో చిన్న పని మిగిలిపోయిందండీ."

"ఇంట్లో పనికీ అచ్చుపేజీకీ ఏమిటి సంబంధం?"

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మూడు నెలలుగా ఇదే వరస.

పఠన సంఘం వాళ్లు ఈ నెలాఖరు సభకి పవిత్రగ్రంథం అచ్చు వెయ్యమన్నారు. ఆ సంగతి విని ఈ పెద్దాయన తనంతట తానే వచ్చి చేరాడు. జీతం ఎంతని కూడా అడగలేదు. పనిలో మాత్రం మొనగాడు. ఒత్తు జారినా, కామా ఒరిగినా ఆయన కంట పడాల్సిందే. ఆయన సంతకం లేకుండా ఏ పేజీ అచ్చుకెళ్లకూడదని యజమానే నియమం పెట్టాడు. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది.

కొన్ని పేజీలు గంటలో వచ్చేసేవి. భార్య మీద గొంతు పెంచకూడదన్న పేజీకి రెండు రోజులు పట్టింది. తోబుట్టువుల గురించిన పేజీకి ఏకంగా వారం సెలవు పెట్టాడు. నాలుక అదుపు గురించిన పేజీకైతే మూడు వాయిదాలు!

ప్రెస్సులో అందరూ ఆయనకి 'రేపు మాస్టారు' అని పేరు పెట్టేశారు. చాటుగానే అనుకోండి.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే, చిట్టచివరి పేజీ. ఐదు రోజులుగా అది ఆయన బల్ల మీదే ఉంది. సభ ఎల్లుండి.

బైండింగు బల్ల దగ్గర కాగితాలు మడుస్తున్న యజమాని భార్య నెమ్మదిగా అంది.

"ఆయనకేం కష్టమొచ్చిందో, ఓసారి ఇంటికి వెళ్లి కనుక్కోరాదూ?"

"నాకంత తీరికుందా?"

"మీకెప్పుడుంది గనక! తొమ్మిదేళ్లుగా పోరుతున్నాను, ఆ పిల్ల ఇంటికి ఒక్కసారి వెళ్లి కనబడి రండని. వెళ్లారా?"

యజమాని ముఖం మాడిపోయింది.

వెనక షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన వ్యాను ఉంది. తొమ్మిదేళ్ల కిందట, ఓ పొద్దున, బడికెళ్తున్న పిల్ల ఆ వ్యాను కింద పడి చనిపోయింది. నడిపింది యజమానే. తొందరా ఆయనదే. తర్వాత అంతా లాయరు చూసుకున్నాడు. చూపించిన చోటల్లా యజమాని చదవకుండానే సంతకాలు పెట్టాడు. ఆ తల్లిదండ్రుల ముఖం చూసే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టుకోలేదు.

మనసులో మంట ఎక్కడిదైనా, పడింది మాత్రం ప్రూఫ్‌రీడరు మీద.

"మాస్టారూ, ఇక చాలు! ఆ సంతకమేదో నేనే గిలుక్కుంటాను. రేపట్నుంచి మీరు రావద్దు."

మిషన్లు ఆగిపోయాయి. అందరూ అటే చూస్తున్నారు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. యజమాని ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. దిద్దాల్సిన పేజీని చూసినట్టు, అక్షరం అక్షరం చూశాడు.

"పొద్దున్నుంచీ మీరేమీ తిన్నట్టు లేరు. ముందు వెళ్లి ఇంత తినండి బాబూ," అన్నాడు.

యజమాని విసవిసా వెళ్లిపోయాడు.

సాయంత్రం బల్ల సర్దబోతే, చివరి పేజీ మీద కళ్లజోడు ఉంది. దాని కింద సంతకం. పేజీలో ఒకటే వాక్యం.

'నీకు తీరని నష్టం చేసినవాడి ఆకలి కూడా ఏనాడు నీ కంట పడుతుందో, ఆనాడే నువ్వు వాణ్ణి క్షమించినట్టు.'

మర్నాడు పొద్దున్నే కళ్లజోడు పట్టుకుని యజమాని మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. తలుపు తీసిన పెద్దావిడ ఆయన్ని చూసి ఒక్క క్షణం ఆగింది.

"మీరెవరో నాకు తెలుసు. లోపలికి రండి."

ఇల్లంతా మూటలు, అట్టపెట్టెలు.

"మాస్టారు లేరా అమ్మా?"

"తెల్లవారుజాము బస్సుకి పెద్దమ్మాయి దగ్గరికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నేనూ వెళ్తున్నాను. ఈ ఊళ్లో మా పని అయిపోయింది."

"నిన్న నోరు జారాను. క్షమించమని అడుగుదామని వచ్చాను."

"నిన్నటిదా? అది ఆయనకి గుర్తు కూడా లేదు."

యజమాని చేతిలోని కళ్లజోడు వంక చూశాడు.

"ఎప్పుడూ ఇంట్లో పని అనేవారు. ఏమిటమ్మా ఆ పని?"

ఆవిడ నవ్వింది.

"పేజీలో ఉన్నది ఇంట్లో చేసి చూడందే ఆయన సంతకం పెట్టరు. అక్షరాలు సరిగ్గా ఉంటే చాలదట. గొంతు పెంచకూడదన్న పేజీకి రెండు రోజులు నాతో గుసగుసలాడారు. నాకు చెవుడొచ్చిందేమోనని నేనే అరిచాను! తోబుట్టువుల పేజీ వచ్చినప్పుడు వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లారు. మాటల్లేక పన్నెండేళ్లయింది. వారం ఉండి, ఆయన్ని వెంటబెట్టుకునే వచ్చారు. ఆ అన్నదమ్ముల నవ్వులు మళ్లీ ఈ ఇంట్లో వింటాననుకోలేదు."

యజమాని మనసులోనే లెక్కేశాడు. నూటపాతిక పేజీలు! ఇన్నేళ్లుగా ఎన్ని గ్రంథాలు అచ్చు వేశాడో తనకే తెలియదు. వాటిలోంచి ఒక్క వాక్యం ఇంటికి తీసుకెళ్లిన పాపాన పోలేదు. అంతటి మనిషినా తను అందరి ముందూ పొమ్మన్నది? చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పెడదామంటే మనిషి లేడు.

కళ్లజోడు ఆవిడ చేతిలో పెట్టి అడిగాడు.

"మరి ఆ చివరి పేజీకి ఐదు రోజులెందుకు పట్టిందమ్మా?"

"ఐదు రోజులు కాదు బాబూ, తొమ్మిదేళ్లు," అందావిడ, గోడకి మిగిలిన ఒకే ఒక్క ఫొటో దించి, అందులో బడి యూనిఫారంలో నవ్వుతున్న పిల్ల ముఖాన్ని అరచేత్తో తుడుస్తూ.