గంగులమ్మ రాగానే ఆగే యంత్రాలు

పాత నీళ్ళు పారబోయాలి. తొట్టికి పట్టిన ఉప్పుపొరను నిమ్మచెక్కతో రుద్దాలి. ఎండలో ఆరబెట్టి మంచినీళ్ళు నింపాలి.

కర్నూలు గాలిలో తడి పోయాక పెద్ద ఇళ్ళలో నీళ్ళను ఆవిరి చేసి గాలికి తడినిచ్చే తేమయంత్రం గదికొకటి వచ్చింది. వాటిని కడిగేది మా అమ్మ గంగులమ్మ. మాకు ఒక్కటీ లేదు. ఒకరోజు పొడిగాలికి అమ్మకు ముక్కు నుంచి రక్తం ఆగలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అయినా ఆమె బదులు నేనే పనికి వెళ్ళాను.

నేను గడప దాటి లోపలికి రాగానే ఆ ఇంటావిడ ప్రమీలమ్మ గారు యంత్రాలన్నీ ఆపేశారు.

“ఎందుకు మేడం?”

“ఇంట్లో ఇంకో మనిషి ఎక్కువైతే అవి ఎక్కువ నీళ్ళు తాగుతాయి పాపా. నువ్వు పోయినాక వేసుకుంటాంలే.”

“మాయమ్మ వచ్చినా ఇంతేనా?”

“అందరిండ్లల్లో ఇంతే! మీయమ్మ ఏనాడూ అడగలేదే.”

“అడగలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోని మీ తొట్లు తోమింది.”

కడిగిన యంత్రం స్విచ్ నేనే వేసి, దాని ముందే కూర్చున్నాను. చల్లటి ఆవిరి ముఖానికి తగిలింది.

“చదువు ఇదేనా నేర్పింది? రేపట్నుంచి మీయమ్మను రావద్దని చెప్పు!”

చెప్పాను. అమ్మ ఇప్పుడు వేరే ఇళ్ళలో తోముతోంది. అక్కడా ఆపేస్తున్నారు.

మీ ఇంటికి కడిగే మనిషి వచ్చినప్పుడు, స్విచ్ మీద చెయ్యి వేసేముందు మా గంగులమ్మను ఒక్కసారి తలచుకోండి.