కడుపు పక్కన స్కేలు

సుక్రు ఏదో అన్నాడు. రత్న ఫక్కున నవ్వింది. మంచం మీద పడుకున్న సోంబరుకి ఒళ్లు మండిపోయింది.

రోజూ ఇదే వరస. భార్య అంబలి గిన్నెతో కుడివైపు, తమ్ముడు స్టూలేసుకుని ఎడమవైపు. మధ్యలో తను, కిడ్నీలు పాడై, పొట్టలో రబ్బరు గొట్టంతో. గాజు సీసాల్లోంచి పొట్ట నిండా మందునీళ్లు ఎక్కిస్తారు. ఒంట్లో చెడంతా వాటిలోకి దిగాక బయటికి తీసేస్తారు. అరకు కొండల్లోని ఆ మిషన్ ఆసుపత్రిలో అదొక్కటే వైద్యం.

సోంబరుని జబ్బు కన్నా ఎక్కువ తినేస్తున్నది తమ్ముడే. వాళ్ల ఊళ్లో అన్న పోతే వదిన మరిది ఇంటికి వెళ్లాలి. పెద్దలు ఒక్క పూటలో తేల్చేస్తారు. ఆమె ఇష్టం పెద్దగా అడగరు కూడా. సుక్రుకా, ఇంకా పెళ్లి కాలేదు.

'కాచుకుని కూర్చున్నాడు, దొంగ వెధవ' అని పళ్లు నూరుకున్నాడు.

కిందటి నెలలోనే కొత్తగా వచ్చిన నర్సు రాజులమ్మ నీళ్లు నింపి, గొట్టాన్ని నిలువుగా ఎత్తి పట్టుకుంది. దాని పక్కన చెక్క స్కేలు నిలబెట్టాలి. ఆమెకున్నవి రెండే చేతులు కాబట్టి ఆ పని రోగి తాలూకు వాళ్లదే. సుక్రు స్కేలు తీసుకుని అన్న పొట్ట పక్కన సిరాతో గీసిన గీత దగ్గర ఆనించాడు. గొట్టంలో నీళ్లు ఎంత ఎత్తుకి లేస్తే పొట్టలో ఒత్తిడి అంత ఉన్నట్టు. పద్దెనిమిది సెంటీమీటర్లు దాటితే నీళ్లు తగ్గించాలి. తక్కువుంటే ఇంకాస్త ఎక్కించొచ్చు.

"ఊపిరి బిగబట్టకు బాబూ," అంది రాజులమ్మ.

"పద్నాలుగమ్మా," అన్నాడు సుక్రు.

"అయితే ఇంకో అర సీసా పడుతుంది."

సుక్రు వదిన వైపు చూసి సంతోషంగా తల ఊపాడు. ఇక సోంబరు వల్ల కాలేదు.

"అబద్దం! ఈడు స్కేలు నాలుగు వేళ్లు పైకెత్తీసినాడు. అంకె తగ్గినట్టు అగుపడతాది. నువ్వేమో నీళ్లెక్కించేత్తావు. నాను ఊపిరాడక సత్తాను. నా ఆడదాన్ని తోలుకుపోదారని సూత్తన్నాడు!"

"ఏటన్నా ఆ మాటలు?" అన్నాడు సుక్రు, స్కేలు కదపకుండానే.

రాజులమ్మ వంగి చూసింది. స్కేలు అడుగు సరిగ్గా గీత మీదే ఉంది.

"నీ తమ్ముడు బాగానే పట్టాడయ్యా. అది సరే, స్కేలు పైకెత్తితే అంకె తగ్గుతుందని నీకెవరు చెప్పారు? ట్రైనింగులో ఆ సంగతి బుర్రకెక్కడానికి మాకే వారం పట్టింది."

సోంబరు గోడవైపు తిరిగాడు. రత్న అంబలి గిన్నె కింద పెట్టేసి, కళ్లార్పకుండా అతన్నే చూస్తోంది.

మూడేళ్ల కిందట ఇదే వార్డులో, ఇదే జబ్బుతో పడుకున్న ఈ అన్నదమ్ముల పెద్దన్న, అంటే రత్న మొదటి మొగుడు, ఊపిరాడక పోయిన రోజున స్కేలు పట్టుకున్నది సోంబరే.