అడాప్టర్ తప్పేమీ లేదు

పెళ్లికూతురి ముఖం మీద నిలవాల్సిన ఫోకస్ మళ్లీ పక్కకు జారింది.

అంబిక బటన్ సగం నొక్కి ఇంకోసారి చూసింది. కెమెరా తెర మీది చిన్న చదరం పెళ్లికూతురి కన్ను మీద ఒక్క క్షణం ఆగింది. అంతలోనే పురోహితుణ్ని దాటుకుని పోయి, వెనక వరసలో ఆకుపచ్చ చీర కట్టుకుని నిల్చున్న ఒకామె ముఖాన్ని పట్టుకుంది. ఆమె ముక్కుపుడక రాయి కూడా తెర మీద మెరుస్తూ కనిపించింది. పెళ్లికూతురు మాత్రం మంచులో నిలబడ్డట్టు మసకగా ఉంది.

కె.ఆర్.పురం కల్యాణ మండపంలో ఆ రోజు అంబిక ఒంటరిగా ఫోటోలు తీస్తోంది. ఆరేళ్లుగా ఆమె, మోహన్‌కుమార్ కలిసి పెళ్లిళ్లు తీస్తున్నారు. బొమ్మనహళ్ళిలో వాళ్లకు ముందు గది స్టూడియో, వెనక గది ఇల్లు. మధ్యమధ్య చింతామణి ఊరి వైపు పనులంటూ అతను రెండేసి రోజులు పోయొస్తుంటాడు. ఈ పెళ్లి పని మాట్లాడుకొచ్చింది అంబికే. పెళ్లి పత్రిక చదివి మోహన్ పక్కన పెట్టేశాడు.

“నాకు నడుము పట్టేసుండాది. నువ్వే పో. కొత్త కెమెరా తీసుకోని పో” అన్నాడు.

ఎవరినీ ముట్టుకోనివ్వని కెమెరాను అడగకుండానే ఇచ్చాడని అంబిక మురిసిపోయింది.

పోయిన దసరాకు కొన్న మిర్రర్‌లెస్ కెమెరా అది. దానికంటూ సొంత లెన్సు ఒక్కటీ కొనలేదు. వాడేవన్నీ అంబిక పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా లెన్సులే. మోహన్ పరిచయం కాకముందు, ఆమె ఒక్కతే పుట్టినరోజులూ నామకరణాలూ తీసి ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నవి. అమ్మేద్దామని అతనంటే ఒప్పుకోలేదు. చివరికి కెమెరాకూ లెన్సుకూ మధ్యలో బిగించే అడాప్టర్ ఒకటి తెచ్చాడు. అది బిగించాక పాత లెన్సులు కొత్త కెమెరా మాట వింటూ వాటంతటవే ఫోకస్ చేసుకుంటున్నాయి. ఇంతవరకూ ఏ రోజూ మొండికేయలేదు.

ఆమె మోహన్‌కు ఫోన్ చేసింది.

“అడాప్టర్ సతాయిస్తా ఉండాది. ఫోకస్ నిలవడంలే.”

“పాత లెన్సులు కదా, అట్లే చేస్తాయి. అమ్మేయమని ఎన్నితూర్లు చెప్పినా?”

“అది కాదు. ఒకామె ఉండాది ఈడ. కెమెరా ఎట్ల తిప్పినా ఆమె మొగం మీదికే పోతా ఉండాది.”

అవతల టీవీ చప్పుడు ఆగింది.

“లైటింగ్ అంతే, ఇంకేమీ లేదు. ఊరికే చేత్తో తిప్పుకో” అని పెట్టేశాడు.

ముహూర్తానికి అంబిక ఆటోఫోకస్ ఆపేసింది. గట్టిమేళం మోగింది. బంధువులు మీదమీదకు తోసుకొచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, ఎడంచేత్తో లెన్సు రింగు తిప్పుతూ, ఊపిరి బిగబట్టి మూడు ముళ్లూ తీసింది. చూసుకుంటే అన్నీ స్పష్టంగా పడ్డాయి. అప్పుడు గానీ ఆమె పైకి లేవలేదు.

భోజనాల వేళ సౌమ్య కెమెరా అందుకుంది. అంబిక స్నేహితురాలు, అదే పెళ్లికి వీడియో తీస్తోంది. అడాప్టర్ ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించింది.

“ఇది బాగానే ఉండాది అక్కా. దీంట్లో ఎవరి మొగమైనా ఎక్కించి పెట్టినారా? మేము పెళ్లికూతురిది ముందే ఎక్కిస్తాం. ఎంత మందిలో ఉన్నా కెమెరా ఆ మొగాన్నే వెతుక్కుంటాది.”

“ఎక్కించడమంటే? పాత ఫోటో చూపిస్తే చాల్నా?”

“చాలదు. ఈ కెమెరాకైతే మనిషి ఎదురుగా ఉండాల.”

సౌమ్య మెనూ తెరిచింది. అందులో ఒకే ఒక్క ముఖం ఉంది. ఆకుపచ్చ చీర ఆమె. జుట్టు విరబోసుకుని, చాలా దగ్గరగా, కళ్లతో నవ్వుతోంది. అలాంటి నవ్వు పరాయివాళ్ల కెమెరా ముందు రాదు.

అంబిక కెమెరా లాక్కుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర ఆ ఆకుపచ్చ చీర ఆమే ఎదురొచ్చింది.

“అక్కా, నాదొక్క ఫోటో తీస్తావా?”

“నీ పేరేంది?”

“రమ్య.”

అంబిక ఆ పేరు విని ఉంది. మోహన్‌తో కలిసుంటున్న కొత్తలో ఒకసారి అడిగితే, “అది ఎప్పుడో తెగిపోయిన కత, ఎత్తొద్దు” అన్నాడతను. ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆటోఫోకస్ వేసింది. చదరం ఒక్క ఊపున పోయి రమ్య కంటి మీద కూర్చుంది. కదల్లేదు. అంబిక ఫోటో తీసింది.

ఇల్లు చేరేసరికి మోహన్ టీ కాస్తున్నాడు. నడుము నొప్పి జాడ లేదు. ఆమె కెమెరా తెర వెలిగించి అతని ముందు పెట్టింది. అతను చూసి స్టవ్ ఆపేశాడు.

“తెగిపోయిందన్నావే. ఈ కెమెరా కొనింది మొన్న దసరాకు కదా?”

అతను టీ గిన్నె కిందికి దించాడు.

“నా లెన్సులు తప్ప దీనికింకేం ఉండాయి? నా లెన్సుతోనే చూసినావు కదా ఆమెను? చింతామణి పనులన్నీ ఇవేనా? ఆడ తిరిగొచ్చి ఈడ నా చేతి కూడు తింటివే!”

“మెల్లగా మాట్లాడు. పక్కింటోళ్లు వింటారు.”

“విననీ. ఆరేండ్లు నీ పక్కన నిలబడినా. నా మొగం ఎక్కించాలని ఒక్క దినమన్నా తోచిందా నీకు? నేనుండంగా ఆమె మొగం ఎట్ల పెట్టుకుంటివి?”

మోహన్ టీ రెండు గ్లాసుల్లోకి వంచాడు. ఒకటి ఆమె వైపు జరిపాడు.

“కట్టుకున్న పెళ్లాం మొగం పెట్టుకోడానికి కూడా నిన్ను అడగాల్నా, అంబికా?”