బూట్ల కంపు

పోలీసమ్మగారూ, నన్నందరూ ఇస్త్రీ అవ్వ అంటారు. డెబ్బై రెండేళ్లు. ఇంట్లో నేను, కొడుకు, కోడలు.

నిరుడు కోడలు పరుగు మొదలెట్టింది. మొదట్లో వీధి చివరిదాకా పోలేక, వచ్చి సింకులో కక్కేది. ఇప్పుడు రెండు గంటలు పరిగెత్తినా చాలదంటుంది. ఆ చెమట బూట్లు పెట్టేది నా మంచం కిందే. చచ్చిన ఎలక నయం!

"ఛీ, అవతల పారెయ్యవే!" అని రోజూ అరిచాను.

నిన్న కొడుకు వాటిని చెత్తబండిలో పడేశాడు. "అమ్మకి కంపట. ఇక పరుగు కట్టిపెట్టు" అన్నాడు.

పరిగెత్తి వచ్చాక కోడలు కూనిరాగం తీస్తుంది. పన్నెండేళ్ల కాపురంలో ఆ గొంతు విన్నది ఈ ఏడే. నా పేరు చెప్పి దాన్ని నొక్కేస్తాడా? థూ! కన్నకొడుకైనా సరే, వాడి మీదే కేసు రాసుకోండి.

బండి వెంట పరిగెత్తి బూట్లు నేనే ఏరి తెచ్చాను.

వేలిముద్ర నాదే. వేలికింకా కంపే.

సాక్షులు: చెత్తబండి డ్రైవరు, పక్కింటి టైలరు.