ఎవరూ భాగించలేని నంబర్

మొగుడి చొక్కా బకెట్లో పడబోతుండగా జేబులోంచి చీటీ జారింది. పేరు లేదు. పదకొండు అంకెల నంబర్ మాత్రం ఉంది. చుట్టూ ఎర్రసిరాతో రెండు గీతలు.

పేరు రాయని నంబర్ ఆడదానిదే అని వత్సల తేల్చేసింది. అదే నిజమైతే మధ్యాహ్నం బస్సుకి బిలోలిలో తల్లిగారింటికి పోతుంది. మళ్లీ నాందేడ్ మొహం చూడదు.

"గిది ఎవలిది?"

"ఎవలిదీ కాదు," అన్నాడు ఆమె మొగుడు నందకిషోర్. బళ్లో లెక్కల మాస్టారు. "ప్రైమ్ నంబర్."

"అంటే ఏంది?"

"దేనితోని భాగించినా భాగం పోదు. పైకి సీదాగ కనవడ్తది. లోపట ఏమున్నదో పానం పోయినా చెప్పది."

"మరి ఎర్ర గీతలెందుకు?"

"మూడు వారాలసంది దీనితోని నాకు నిద్ర లేదే," అని ఆమె వంక ఒకసారి చూసి, బండెక్కి బడికి పోయాడు.

వత్సల నమ్మలేదు. ఫోన్ నంబర్‌కి పది అంకెలే. ఒకటి ఎక్కువ కలిపి ఉంటాడు. ఒక్కో అంకె తీసేస్తూ పదకొండుసార్లు ఫోన్ కొట్టింది. పదిసార్లు ఈ నంబర్ లేదని ఒకావిడ మరాఠీలో చెప్పింది. ఆరోసారికి ఇద్దరికీ వదినామరదళ్లంత చనువొచ్చింది. ఒక్కసారి మాత్రం నాయ్‌గావ్ వ్యాపారి ఎత్తి, సోయాబీన్ రేటు చెప్పి పెట్టేశాడు.

అంతలో పక్కింటి సుమిత్రాబాయి వచ్చింది. ఆవిడకి నంబర్ కనబడితే అంకెలు కూడాల్సిందే. బస్సుదైనా సరే, గ్యాస్ బండదైనా సరే. చీటీ లాక్కుని, కూర్చోకముందే కూడేసింది.

"యాభై ఒకటి. ఐదు, ఒకటి, ఆరు. ఆరంటే శుక్రుడు. ఆడిమనిషే పో!"

వత్సల యాభై ఒకటి దగ్గరే ఆగిపోయింది. అంకెల మొత్తం మూడుతో పోతే, నంబర్ కూడా మూడుతో పోతుంది. ఐదో తరగతిలో ఈ ముక్క రాకే గోడకుర్చీ వేసింది.

"మౌశీ, అబద్ధం చెప్పిండు! గిది మూడుతోని భాగం పోతది!"

"మూడుతోనా? అయితే ముగ్గురున్నరేమోనే!"

కరెంటు బిల్లు వెనక వత్సల భాగహారం మొదలెట్టింది. పట్టుచీర బేరం కూడా అంత శ్రద్ధగా చేసి ఎరగదు. శేషం సున్నా. వచ్చింది సరిగ్గా పది అంకెలు. మొదటిది తొమ్మిది.

ఫోన్ నంబర్! తనకి దొరకకూడదని మూడుతో హెచ్చించి మరీ రాసుకున్నాడు!

"సదువే, సదువు! నేనే ఫోన్ కొట్టి అడుగుత, ఎవతె అదని," సుమిత్రాబాయి తన ఫోన్ తీసింది.

చదవబోయిన వత్సల బిల్లు మడిచి కొంగున ముడేసుకుంది. ఆ పది అంకెలు, నందకిషోర్‌కి తెలియకుండా నాలుగు నెలలుగా జొన్నల డబ్బాలో దాచి తను మాట్లాడుతున్న రెండో ఫోన్ నంబర్.