దిగని గాలి

అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను, ఇందులో ఆవగింజంత కల్పన కూడా లేదు.

భార్య మొగుడి సైకిలును గుమ్మంలోకి తోసి, వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూపించింది.

"ట్యూబుల్లేని టైర్లండీ. మేకు దిగినా గాలి దిగదట. ఇక మీ నోట పంక్చరనే మాట రాదు."

మిల్లులో పత్తి బేళ్లు మోసే మనిషి ఆ మొగుడు. బేలు మీద పడ్డా అంత కుదేలయ్యేవాడు కాదు.

"ఎందుకే ఇప్పుడివి?"

"ఎందుకేంటి? వారానికి మూడుసార్లు పంక్చరంటూ గంట ఆలస్యంగా వస్తారు. ఊళ్లో మేకులన్నీ మీ చక్రానికే చుట్టాలా?"

ఆ గంట ఎక్కడికి పోతోందో ఆమెకు తెలిస్తే కొంప మునుగుతుంది. వంతెన కింది పంక్చర్ల కొట్టుకి పోతోంది. ఆ కొట్టు ఆమె కన్నతండ్రిది. రెండేళ్ల కిందట తండ్రీ కూతుళ్లకి మాటా మాటా పెరిగి, "ఆ కొట్టు గడప తొక్కితే మన గడప తొక్కకండి" అని మొగుడికి తేల్చి చెప్పేసింది. మామయ్యకేమో గుండె జబ్బు. మాత్రలు తెచ్చిచ్చే దిక్కు అల్లుడొక్కడే. ఉన్న మాత్రలు మూడు రోజుల్లో అయిపోతాయి.

ఓవర్‌టైం అని చెబుదామంటే, మిల్లులో హాజరు రాసేవాడు సాక్షాత్తూ ఆమె పెద్దమ్మ కొడుకు.

మర్నాడు గాజు పెంకుల మీదుగా తొక్కాడు. ఏమీ కాలేదు. ఆ మర్నాడు ముళ్ల కంపలోకి నడిపించాడు. చక్రం ముళ్లపందిలా తయారైంది తప్ప గాలి చెక్కు చెదరలేదు. మూడో రోజు, అంటే ముసలాయన దగ్గర ఒక్క మాత్ర కూడా మిగలని రోజు, మిల్లు గోడ వెనక సైకిలును పడుకోబెట్టి, ఇటుకరాయితో మూడంగుళాల మేకు దిగ్గొట్టాడు.

బుస్సుమంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అంతలో టైర్లో ముందే పోసి ఉంచిన తెల్లటి జిగురు కన్నంలోంచి పాలలా ఉబికి, బుడగలు కట్టి, గడ్డ కట్టుకుపోయింది. ఇంకో మేకు కొట్టాడు. మళ్లీ అంతే. ఇంకోటి.

"దిగవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా!" అని చక్రాన్ని బతిమాలుకున్నాడు.

అటుగా పోతున్న వాచ్‌మన్ ఆగాడు. "ఏంట్రా, పాపం సైకిల్ని కొడుతున్నావ్?"

"పంక్చర్ కావట్లేదన్నా!" ఏడుపు గొంతుతో అన్నాడు.

వాచ్‌మన్ అతన్ని ఎగాదిగా చూసి, వేగంగా వెళ్లిపోయాడు.

పోతే కాపురం పోనీ అనుకున్నాడు. జేబులో మాత్రల షీటు తడుముకుని, మేకులతోనే సైకిలెక్కి కొట్టు ముందు దిగాడు. మామయ్య తిరగేసిన డబ్బా మీద కూర్చుని, నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"మామయ్యా! ముందు మీరు మాత్ర వేసుకోండి. తర్వాత ఈ టైరుని కోస్తారో చీలుస్తారో, ఎలాగైనా పంక్చర్ చెయ్యండి. మీ కూతురు నన్ను బతకనివ్వదు."

ముసలాయన తాపీగా చక్రం తిప్పి చూశాడు. "బిగించినవాడి పనితనం బాగుంది అల్లుడూ."

"వాడి చేతులు పడిపోను! ఎవడో తెలియాలి గానీ..."

"నేనే."

అల్లుడు చక్రం వైపూ, మామయ్య వైపూ మార్చి మార్చి చూశాడు.

"మీ ఆవిడ పోయిన వారం నీ ట్యూబు బయటికి లాగి చూసిందయ్యా. రెండేళ్లలో మూడొందల పంక్చర్లు చెప్పావట. దాని మీద అతుకులు చూస్తే రెండే. తిన్నగా తెచ్చి నా మొహాన పెట్టింది. 'మాట వరసకైనా నాలుగు అతుకులు వెయ్యలేకపోయావా నాన్నా, అబద్ధమాడటం కూడా చేతకాదా మీ ఇద్దరికీ?' అంది. కన్నం లేనిదే అతుకెలా వేస్తామమ్మా అన్నాను. అయితే ట్యూబే లేకుండా చెయ్యమని ఈ టైర్లు నాచేతే బిగించింది."

"మరి మాత్రలు?"

ముసలాయన అతుకుల డబ్బా మూత తీశాడు. జిగురు గొట్టాల మధ్య కొత్త షీట్లు రెండు మెరుస్తున్నాయి.

"రోజూ మధ్యాహ్నం తనే వస్తోంది. నీకు చెప్పొద్దంది. రెండేళ్లు బొంకాడు కదా, ఒక్క వారం చెమటలు పట్టనీ అంది."

అల్లుడు నీళ్ల తొట్టి పక్కనే కూలబడ్డాడు. ముసలాయన పగలబడి నవ్వుతూ టైర్లోంచి ఒక్కో మేకూ పీకడం మొదలుపెట్టాడు.

అంతా జరిగిందే, ముసలాయన నవ్వాడన్నది ఒక్కటే నా కల్పన; రెండు చేతులకీ గ్రీజు ఉండి కళ్లు తుడుచుకోలేక, మొహం అల్లుడికి కనబడకుండా చక్రం చాటున పెట్టుకున్నాను.